సరిపోయే సాక్ష్యం వేరు, తేల్చే సాక్ష్యం వేరు

మన ఆఫీసుల్లో ఏటా కొంతమంది ఎంబీయే మోజులో పడి జీమ్యాట్ పుస్తకాలు కొంటూ ఉంటారు. లెక్కలంటే మనవాళ్ళకి భయం లేదు, ఎంసెట్ నాటి నుంచీ చేసిన పనే కదా :) చిక్కంతా వెర్బల్ తోనే. 2023 చివర్లో వచ్చిన కొత్త పద్ధతిలో సెంటెన్స్ కరెక్షన్ ఎత్తేసి, రీడింగ్ కాంప్రెహెన్షన్, క్రిటికల్ రీజనింగ్ మాత్రమే ఉంచారు. 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు. ఇక క్రిటికల్ రీజనింగ్ నుంచి తప్పించుకునే దారే లేదు. "ఇదంతా పరీక్షల గోల, ఉద్యోగంలో దేనికీ పనికిరాదు" అనే మాట తరచుగా వింటుంటాను. నేనైతే ఒప్పుకోను. మనకి రోజూ అవసరమయ్యేదీ, రోజూ మనం గాలికొదిలేసేదీ సరిగ్గా అదే.

ఆ ప్రశ్నల్లో ఒక రకం ఉంది. ఏదో ఒక సంగతి జరిగింది, దానికి రెండు కారణాలు చెప్పుకోవచ్చు. కింద ఇచ్చిన ఐదింటిలో ఏది నిజమైతే మొదటి కారణానికి బలం వస్తుంది? చాలామంది మొదటి కారణంతో సరిపోయే వాక్యం కోసం వెతుకుతారు. పేపరు పెట్టినవాడు వల వేసేది అక్కడే. ఆ వాక్యం రెండో కారణంతో కూడా అంతే చక్కగా సరిపోతే దాని విలువ సున్నా. వేసుకోవాల్సిన ప్రశ్న ఇదీ: "నా వాదన తప్పై, రెండోదే నిజమైతే, అప్పుడు కూడా ఇది ఇలాగే కనిపించేదా?"

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 1854లో లండన్ లో వచ్చిన కలరా. బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కొద్ది వారాల్లోనే 600 మందికి పైగా పోయారు. చెడుగాలి వల్ల వచ్చిందని అప్పటి పెద్దలు, నీళ్ళ వల్ల వచ్చిందని జాన్ స్నో అనే డాక్టరు. ఈ కథ చెప్పేవాళ్ళంతా రెండు విషయాలు చెప్తారు. ఒకటి, చావులన్నీ వీధి పంపు చుట్టూ ఉన్నట్టు చూపించిన మ్యాపు. రెండు, సెప్టెంబరు 8న ఆ పంపు హ్యాండిలు పీకించడం. నిజానికి ఆ రెండూ బలహీనమైన సాక్ష్యాలే. ఆ పేటలో గాలి చెడిపోయినా చావులు అక్కడే గుమిగూడేవి. ఇక హ్యాండిలు పీకేటప్పటికే జనం ఊరొదిలి పోయారు, కలరా కూడా తగ్గుముఖం పట్టింది. ఈ మాట స్నో స్వయంగా రాసుకున్నాడు.

తేల్చే సాక్ష్యాలు వేరే ఉన్నాయి. అదే వీధిలోని బీరు కంపెనీలో 70 మందికి పైగా పనివాళ్ళు ఉంటే ఒక్కరూ చనిపోలేదు. వాళ్ళు ఆ పంపు జోలికే వెళ్ళేవాళ్ళు కాదు. దగ్గర్లోని అనాథాశ్రమం లాంటి వర్క్ హౌస్ లో 535 మందిలో పోయింది 5 గురే, వాళ్ళకి సొంత బావి ఉంది. ఇటు చూస్తే, మైళ్ళ దూరంలో హాంప్ స్టెడ్ లో ఉండే ఒకావిడ కలరాతో పోయింది. ఆ పంపు నీళ్ళ రుచి మరిగి రోజూ బండి మీద తెప్పించుకునేదట. పీల్చే గాలి అదే అయినా బతికినవాళ్ళు, గాలి వేరైనా పోయినావిడ.. చెడుగాలి వాదం దీనికేం జవాబు చెప్తుంది?

స్నో అక్కడితో ఆగలేదు. దక్షిణ లండన్ లో ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళకి రెండు వేర్వేరు కంపెనీల నీళ్ళు వచ్చేవి. సౌత్ వార్క్ అండ్ వాక్స్ హాల్ కంపెనీ మురుగు కలిసే చోట థేమ్స్ నీళ్ళు తోడేది. లాంబెత్ కంపెనీ 1852లోనే నదికి ఎగువకి వెళ్ళిపోయింది. ప్రతి 10,000 ఇళ్ళకి మొదటి కంపెనీ నీళ్ళు వాడేచోట 315 చావులు, రెండో కంపెనీ నీళ్ళు వాడేచోట 37. గాలి ఒక్కటే, వీధి ఒక్కటే, తేడా నీళ్ళలోనే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నెలాఖరున రిలీజు వెళ్ళింది, సాయంత్రానికి సైటు నత్తనడక. కొత్త కోడ్ వల్లా? నెలాఖరు లోడు వల్లా? "రిలీజు తర్వాతే స్లో అయింది" అంటాడు మేనేజరు. నెలాఖరు కూడా రిలీజుతో పాటే వచ్చింది కదా సార్! "రోల్ బ్యాక్ చేస్తే బాగుపడింది" అంటారు. రోల్ బ్యాక్ లో సర్వర్లన్నీ రీస్టార్ట్ అయ్యాయి, పేరుకుపోయిన కనెక్షన్లు పోయాయి, ఈలోపు అర్ధరాత్రి దాటి లోడూ తగ్గింది. అచ్చం పంపు హ్యాండిలు కథే. అదే లోడ్ బ్యాలన్సర్ వెనక పాత బిల్డుతో నడిచిన సర్వరు ఒక్కటున్నా చాలు, ఆ సాయంత్రం దాని రెస్పాన్స్ టైమ్ ఎంతుందో చూస్తే విషయం దాదాపు తేలిపోతుంది. అది మన లాంబెత్ కంపెనీ. ఆ లాగ్ తెరిచి చూసే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు.

"రాత్రి రెండింటికి ఈ తర్కాలన్నీ కుదురుతాయా?" అనొచ్చు. కుదరవు. ముందు రోల్ బ్యాకే చెయ్యాలి, హ్యాండిలు పీకడం సరైన పనే. కానీ మందు పనిచేసినంత మాత్రాన రోగం పేరు తెలిసినట్టు కాదు. మర్నాడు తాపీగా ఆర్.సీ.ఏ. రాసేటప్పుడు కూడా రోల్ బ్యాక్ నే రుజువుగా చూపిస్తేనే గొడవ. ఆ కాగితంలో ఆఖరి చెకిన్ చేసిన కుర్రాడి పేరు ఎక్కుతుంది, అప్రైజల్ దాకా వెంటాడుతుంది. అసలు కారణం అలాగే ఉండి, వచ్చే నెలాఖరుకి మళ్ళీ పలకరిస్తుంది.

అందుకే నాదో చిన్న సలహా. ఆర్.సీ.ఏ. టెంప్లేట్ లో ప్రతి సాక్ష్యం పక్కన ఒక గడి పెట్టండి: "రెండో కారణమే నిజమైతే ఇది కనిపించేది కాదా?" జవాబు "అప్పుడూ కనిపించేదే" అయితే ఆ సాక్ష్యాన్ని కొట్టేయండి. కొట్టేయగా ఏమీ మిగలకపోతే "కారణం ఇంకా తేలలేదు" అని రాయండి. ఒకరి పేరు రాసేకంటే ఆ మాట రాయడమే నిజాయితీ.