కంటికి తోడు యంత్రము

కారు నడుపుట నేర్చుకొనువారికి నేడు గురువుతోపాటు మఱియొక తోడు లభించినది. అదియే సెన్సరు. మన దేశమున 2019 జూలై 1వ తేదీనుండి తయారగు కార్లన్నింటను, వెనుకకు నడుపునపుడు అడ్డములను తెలుపు సెన్సర్లుండవలెనని ప్రభుత్వము నిబంధన విధించినది.

దాని పని గబ్బిలము పనివంటిది. మన చెవికి వినబడని ధ్వనితరంగములను అది వెలువరించును. అవి అడ్డమునకు తగిలి మరలివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పయనించును గదా! అడ్డము దగ్గఱైనకొలది హెచ్చరిక శబ్దములు త్వరత్వరగా వినవచ్చును.

ఇట్టి సాధనము అభ్యాసకుని సోమరిని చేయుననియు, నేర్చుకొనునపుడు దానిని పూర్తిగా విడువవలెననియు కొందఱందురు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. కారు వెనుక ఆడుకొనుచున్న పసివాడు అద్దములలో కనబడకపోవచ్చును. అపుడొక్క హెచ్చరిక ఆ ప్రాణమును నిలుపవచ్చును. అట్టి దానిని కాదనుట వివేకమగునా?

అయినను, శబ్దము రాలేదు గనుక దారి నిరపాయమని తలచుట అంతకంటె అవివేకము. సన్నని కడ్డీని, నేలబారుగానున్న రాతిని సెన్సరు గుర్తింపకపోవచ్చును. మెత్తని వస్త్రము ధ్వనిని పీల్చుకొనును. వానకాలపు బురద కప్పినచో సెన్సరు సరిగా పనిచేయదు. పైగా నేడు నేర్చుకొన్నవాడు రేపు సెన్సర్లు లేని పాత కారును నడుపవలసి రావచ్చును.

కావున సెన్సరు గురువు కారాదు, పరీక్షాధికారి కావలెను. అభ్యాసకుడు ముందుగా కారు వెనుకకు పోయి చూడవలెను. పిదప కూర్చుండి, అద్దములను పరికించి, మెడ త్రిప్పి చూచి, గోడ ఎంత దూరముననున్నదో మనసులో అంచనా వేయవలెను. ఆపై శబ్దమును విని, తన అంచనాను సరిచూచుకొనవలెను. లెక్కను స్వయముగా చేసి, పిమ్మట పుస్తకము చివరనున్న జవాబును చూచువాడు గణితము నేర్చును. జవాబునే ముందు చూచువాడు నేర్వడు. ఇదియు అట్టిదే.

విద్యార్థులారా! కారు నడుపు లైసెన్సు పొందుటకు మీకు 18 ఏండ్లు నిండవలెను. అంతవఱకు సైకిలు త్రొక్కునపుడే దూరమును, వేగమును కంటితో కొలుచుట అలవఱచుకొనుడు. ఎన్ని యంత్రములు హెచ్చరించినను, దారిని పోవువారి ప్రాణములకు బాధ్యుడు స్టీరింగు పట్టినవాడే.