పుప్పొడికీ ఇంటిపేరుంది

నారాయణగూడ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని, చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్‌ వెళ్లే ఇల్లాలి సంచిలో ఏముంటాయి? చిక్కుళ్లు, బీన్స్‌, మెంతికూర, అరకిలో చింతపండు. హైదరాబాద్‌ వీధుల్లో నీడనిచ్చేవేమో తురాయి, నిద్రగన్నేరు. సంచిలోవీ వీధిలోవీ అన్నీ ఒకే కుటుంబం! కాయను చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. మరి చెట్టు చచ్చి, కాయ కుళ్లి, లక్షల ఏళ్లు గడిచాక?

అప్పుడు మిగిలేది పుప్పొడి. దాని పైపెంకు మహా మొండిది. బురదలోనో బొగ్గులోనో గాలి తగలకుండా కూరుకుపోతే కోట్ల ఏళ్లయినా చెక్కుచెదరదు. ఘాటైన ఆమ్లాలు పోసి రాతిని కరిగించినా, ఆ పెంకు మిగిలి మైక్రోస్కోపు కిందికి వస్తుంది.

చిక్కడపల్లికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన సి.జి.కె. రామానుజం ఇలాంటి రేణువుల్నే చదివారు. తమిళనాడులోని నైవేలి ప్రాంతపు లిగ్నైట్‌ బొగ్గులో దొరికిన ఒక రకానికి 1966లో ‘మార్గోకోల్పోరైటిస్‌’ అని పేరు పెట్టారు. మార్గో అంటే లాటిన్‌లో అంచు. రేణువు మీద మూడు పొడవాటి గాడులు, వాటి వెంట వెడల్పాటి అంచు, మిగతా ఒళ్లంతా వల అల్లిక. పెరట్లో పూసే రత్నగంధి పుప్పొడిదీ ఇంచుమించు ఇదే పోలిక. అలాంటప్పుడు రత్నగంధి అనేస్తే పోలేదా? పోదు. ఈ ముఖకవళికలు దాని దాయాదుల్లో చాలామందికి ఉన్నాయి. అందుకే శిలాజ రేణువుకు విడిగా పేరు పెడతారు. ఇంటిపేరు చెబుతారే గానీ మనిషిని పోల్చుకున్నామనరు.

తుమ్మది ఇంకో తీరు. దాని పుప్పొడి విడివిడిగా రాలదు. సాధారణంగా పదహారు రేణువులు అతుక్కుని బూందీ లడ్డూలా ఉంటాయి. మధ్యలో ఎనిమిది, చుట్టూ ఎనిమిది. ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. చిక్కల్లా లడ్డూ చిదికినప్పుడే! విడిపోయిన ఒంటరి ముక్క ఏ చెట్టుదో తేల్చడం గట్టివాళ్లకూ కష్టమే. చింత రేణువు మీద సన్నటి చారలుంటాయి కాబట్టి కొంత నయం. కంది, పెసర, చిక్కుడు దగ్గరికొచ్చేసరికి పోలికలు బాగా కలిసిపోతాయి. రోజూ తినేవాటినే పోల్చుకోలేకపోవడం విచిత్రం.

పొరపాటు పడితే చరిత్రే మారిపోతుంది. సర్కారు తుమ్మనే తీసుకోండి. పేరుకే తుమ్మ, దాని రేణువులు ఒంటరివి. ఈ చెట్టు అమెరికా ఖండం నుంచి 1870ల్లో మన దేశానికి వచ్చింది. కాబట్టి చెరువు అడుగు మట్టిలో దాని పుప్పొడి ఉన్న పొర ఆ తర్వాతిదే అయ్యుండాలి. కానీ దసరాకు మనం పూజించే జమ్మి దానికి దగ్గర చుట్టం, ఇక్కడ అనాదిగా ఉన్న చెట్టు, జమ్మి రేణువులూ ఒంటరివే. దాన్ని చూసి సర్కారు తుమ్మ అనుకుంటే వేల ఏళ్లనాటి బురద నిన్నమొన్నటిదైపోతుంది!

అందుకే ముందు బతికున్న చెట్ల పుప్పొడితో నమూనా స్లైడ్లు తయారుచేసుకుని, పక్కన పెట్టుకుని పోల్చుతారు. నమూనాకు విచ్చుకోని మొగ్గలైతేనే మేలు. విచ్చిన పువ్వులో తేనెటీగ ఏ చింతచెట్టు మీది పొడినో వదిలి వెళ్లి ఉండొచ్చు మరి.