సీనిక్ డ్రైవా, రేసా? ముందు ఆ ఒక్క కాలమ్ తీసెయ్యండి

స్పోర్ట్స్ కార్లున్న వాళ్ళలో ఈ మధ్య ఒక సరదా బాగా పెరిగింది. పది పదిహేను కార్లు కలిసి తెల్లవారుఝామునే బయల్దేరడం, ఏ కొండో డామో చూడడం, మధ్యలో టిఫిను చేసి ఫోటోలు దిగి తిరిగి రావడం. దీని పేరు సీనిక్ డ్రైవ్. ఎవర్ని అడిగినా ఒకటే మాట: "ఇది రేసు కాదండీ, సరదా ప్రయాణం."

నేను ఒప్పుకోను. రేసు అవునా కాదా అన్నది పేరుని బట్టి తేలదు, ప్లానుని బట్టి తేలుతుంది. ఆ ప్లానులో ఎన్నింటికి చేరాలో రాశారంటే అది రేసే. బ్యానరు మీద ఏం రాసుకున్నా సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు కార్లంటే పడకపోవడం ఏమీ లేదు. డబ్బున్న వాళ్ళ మీద కడుపుమంటా లేదు (సరే, కొంచెం వుంటే వుండొచ్చు :-)). మంచి ఇంజను శబ్దం వింటే ఆగి చూసే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గొడవ కారుతో కాదు, ఎక్సెల్ షీటుతో.

షీటు సంగతి ఏమిటంటే, హైదరాబాదులో నాతో పాటు పనిచేసే ఒకాయన స్నేహితులు ఇలాంటి ప్రయాణమే పెట్టుకున్నారు. ముందు రోజు సాయంత్రానికి మంగళగిరి చేరి, రాత్రికి అక్కడ వుండి, తెల్లారుతూనే గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం. "గురూ, మీ వూరేగా, రోడ్లు ఎలా వున్నాయో కాస్త చూసి పెట్టు" అని షీటు పంపించాడు. పద్నాలుగు కార్లు. వరసగా కాలమ్స్ - కారు పేరు, పెట్రోలు ఎక్కడ, టిఫిను ఎక్కడ, డ్రోను ఎక్కడ ఎగరెయ్యాలి. చివరి కాలమ్: చేరే టైము. మంగళగిరిలో 5 గంటలకి బయల్దేరి 9 గంటలకల్లా శ్రీశైలం. మధ్యలో 45 నిమిషాలు టిఫినుకి.

ఇహ లెక్కలోకి వద్దాం. మనకి తెలిసిన విద్య అదే కదా.

మొత్తం దూరం సుమారు 250 కిలోమీటర్లు. చేతిలో వున్నది 240 నిమిషాలు. టిఫిను పోగా 195. దోర్నాల నించి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి, ఘాట్ రోడ్డు. మలుపులు, కోతులు, యాత్రికుల బస్సులు అన్నీ కలిపి సగటున 35 వేసుకుందాం. దానికే 86 నిమిషాలు. మిగిలినవి 109 నిమిషాలు, మిగిలిన దూరం 200 కిలోమీటర్లు. అంటే సగటు వేగం గంటకి 110!

సగటు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడన్నా ఒకచోట గేదెలు అడ్డొచ్చి 40కి పడితే, ఇంకోచోట 150 కొట్టాలి. 2018లో కేంద్రం నిర్ణయించిన పరిమితుల ప్రకారం కార్లకి ఎక్స్‌ప్రెస్ వే మీద 120, మధ్యలో డివైడరున్న నాలుగు వరసల రోడ్డు మీద 100, మిగతా రోడ్ల మీద 70. ఈ షీటు ప్రకారం వెళితే ఏ ఒక్కరూ చట్టం లోపల వుండి 9 గంటలకి చేరలేరు. షీటు తయారుచేసిన వాడు ఎక్కడా "స్పీడుగా నడపండి" అని రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు, ఆ చివరి కాలమే ఆ మాట చెప్తోంది.

ఇక గుంపు సంగతి. ఒంటరి కారు కంటే గుంపులో వెళ్ళే కారు జాగ్రత్తగా వుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు. రెండు వరసల రోడ్డు మీద ముందు పత్తి లోడు ట్రాక్టరు వెళ్తోంది అనుకుందాం. మొదటి కారు సందు చూసుకుని దాటేసింది. ఒక్కో కారుకి సందు దొరకడానికి 20 సెకన్లు పట్టినా, పద్నాలుగో కారు దాటేసరికి 260 సెకన్లు. ఆ లోపల మొదటివాడు 80 వేగంతో దాదాపు ఆరు కిలోమీటర్లు వెళ్ళిపోయాడు. చివరివాడు అతన్ని అందుకోవాలంటే, 110 వేగంతో ఇరవై కిలోమీటర్ల పైన తరమాలి. మొదటివాడు పెద్దమనిషిలాగే నడిపాడు. తప్పంతా చివరివాడి నెత్తిన పడింది. ఆ చివరివాడు సాధారణంగా ఎవరు? గుంపులో కొత్తగా చేరినవాడు, కారు కొని ఆరు నెలలు కూడా కానివాడు.

ట్రాక్టరు లేకపోయినా ఇదే తంతు. 2008లో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు పెట్టి, అందరూ ఒకే వేగంతో వెళ్ళండి అన్నారు. అడ్డం ఏమీ లేదు, సిగ్నలు లేదు. అయినా కాసేపటికి తనంతట తనే జామ్ పుట్టింది. ముందువాడు కాస్త తగ్గిస్తే వెనకవాడు ఇంకాస్త తగ్గిస్తాడు, ఆ వెనకవాడు ఆగిపోతాడు. మళ్ళీ అందుకోవడానికి తొక్కుతాడు. గుంపు ఎంత పొడుగైతే తోకకి అంత కుదుపు.

"మా కార్లకి బ్రేకులు బాగుంటాయి" అనేది తరవాతి వాదన. నిజమే, బాగుంటాయి. కానీ కాలు బ్రేకు మీదకి వెళ్ళే లోపు కారు ఎంత ఖరీదైనదైనా ముందుకే వెళ్తుంది. 110లో సెకనుకి 30 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా ఆగడానికి మొత్తం 90 మీటర్లు కావాలి. అదే 60లో అయితే 35 చాలు. పైగా రోడ్డు దాటేవాళ్ళ కళ్ళకి ఈ బ్రేకుల సంగతి తెలీదు. నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని రోడ్డు దాటే ఆవిడకి తెలిసిన వేగం ఆర్టీసీ బస్సు వేగం. దూరంగా కారు కనిపిస్తే "ఇంకా టైముంది" అనుకునే అడుగు వేస్తుంది. ఆవిడ లెక్క తప్పు కాదు. ఆ రోడ్డు మీద అన్నాళ్ళూ సరిపోయిన లెక్కే అది.

అసలు ఆ రోడ్డు ఎవరిది, ఆ టైముకి అక్కడ ఎవరుంటారు? షీటులో లేని కాలమ్ ఇదే. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో సంక్రాంతి అటూఇటూ మొదలై ఏప్రిల్ దాకా మిరప కోతలు. పొద్దున్నే ఆరింటికి ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలీలు కిక్కిరిసి పొలాలకి పోతుంటారు. కర్నూలు వైపు నించి సంసారాలతో సహా వచ్చినవాళ్ళు రోడ్డు పక్కనే గుడిసెలు వేసుకుని వుంటారు, వాళ్ళ పిల్లలు అక్కడే ఆడుకుంటుంటారు. కోసిన కాయని కళ్ళాల్లో పట్టాల మీద రోజుల తరబడి ఎండబెట్టి, తాలు ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి పంపిస్తారు. కళ్ళానికి చోటు దొరకని చోట మొక్కజొన్నో, వడ్లో రోడ్డు అంచు మీదకే వస్తాయి. అది మంచి పద్ధతి అనను, దానివల్లా ప్రమాదాలు జరుగుతాయి. కానీ అక్కడ ఆరబెట్టింది ఆ ఇంటి ఏడాది తిండి.

ఈ రోడ్ల మీద చావుకి స్పోర్ట్స్ కారే రానక్కర్లేదు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుని, తీగలు మీద పడి ఎంతమంది పోయారో గుర్తుంది కదా. అంత బలహీనంగా వుంటుంది అక్కడి ప్రయాణం. అలాంటి చోటుకి మనం పద్నాలుగు కార్లని 110 సగటుతో తోలుకెళ్ళి దానికి 'సీనరీ' అని పేరు పెడుతున్నాం. సెకనుకి 30 మీటర్లు పోతుంటే అరవై మీటర్ల మిరప కళ్ళం రెండు సెకన్లలో అయిపోతుంది. ఎర్రగా ఏదో మెరిసినట్టు వుంటుంది, అంతే. సీను చూడ్డానికేనా ఇంత దూరం వచ్చింది?

స్పీడ్ బ్రేకర్ల మీద ఏడుపు ఇంకొకటి. "ఊరికి నాలుగు బ్రేకర్లు, కారు అడుగు గీసుకుపోతోంది" అని షీటులో రిమార్కు కూడా వుంది. నిజమే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మనూళ్ళల్లో వుండేవి చాలావరకు ఆ కొలతలకి సంబంధం లేని గోడలు. కానీ అవి ఎందుకొచ్చాయో ఎప్పుడైనా అడిగారా? మనూళ్ళో బ్రేకర్ ముందుచూపుతో వెయ్యరు. ఎవరి పిల్లాడో పోతాడు, ఊరంతా రోడ్డు మీద కూర్చుంటుంది, తెల్లారేసరికి బ్రేకర్ వస్తుంది.

చట్టం సంగతి కూడా చూద్దాం. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ రేసుతో పాటు 'వేగ పరీక్ష' ఏ రకమైనదైనా రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో చెయ్యకూడదంటుంది. పాల్గొన్నవాడినే కాదు, జరగనిచ్చినవాడినీ పట్టుకుంటుంది. 2019 సవరణ తరవాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఏడాది దాకా, 10,000 దాకా. కోటి రూపాయల కారుకి ఐదు వేలు లెక్కా అంటారా? అయితే మీ ఇన్సూరెన్సు కాగితం తీసి చదవండి. మామూలు కారు పాలసీ రేసులకి, వేగ పరీక్షలకి వర్తించదని అందులోనే వుంటుంది. ప్రమాదం జరిగాక టైముల కాలమ్ వున్న ఆ షీటు ఎవరి చేతిలో పడుతుందో ఊహించుకోండి.

'రేసు కాదు' అన్న మాటకి పెద్ద ఉదాహరణే వుంది. గంబాల్ 3000 అని 1999లో ఇంగ్లండులో మొదలైంది, దేశాలు దాటే కార్ల ర్యాలీ. నిర్వాహకులు ఎప్పుడూ ఇది రేసు కాదనే చెప్పారు. 2007లో మాసిడోనియాలో అందులోని పోర్షే ఒకటి వేరే కారుని గుద్దితే ఒక వృద్ధ దంపతులు పోయారు. ఆ యేడు ర్యాలీ మధ్యలోనే ఆపేశారు. వాళ్ళు ర్యాలీ చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా కాదు, తమ దారిన తాము పోతున్న వాళ్ళు.

మన దగ్గరకొద్దాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది. మూడు కిలోమీటర్లు కూడా లేని ట్రాక్. దానికోసం రోడ్లు మూసి, రెండు పక్కలా కాంక్రీటు గోడలు కట్టి, కంచెలు వేసి, అంబులెన్సులు పెట్టారు. ఆ ఖర్చు సబబా కాదా అన్నది వేరే రగడ. వేగం కావాలంటే ఏమేం కావాలో మాత్రం అక్కడ కళ్ళారా చూశాం. మూడు కిలోమీటర్లకి అంత హంగామా కావాలంటే, 200 కిలోమీటర్ల పల్నాటి రోడ్డుకి గోడలేవి?

ఇంకొక్క విషయం, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీనిదే. ఈ కార్లు ఒక వూరు దాటితే ఆ వూరి కుర్రాళ్ళు వీడియో తియ్యడానికి బైకుల మీద వెంటపడతారు. ఒకడు నడుపుతాడు, ఇంకొకడు వెనక కూర్చుని ఫోను పట్టుకుంటాడు. ఇద్దరికీ హెల్మెట్టు వుండదు. కార్లో వున్నవాడికి ఎయిర్ బ్యాగులున్నాయి. ఆ కుర్రాడికి ఏముంది?

మరి వెళ్ళొద్దా అంటే, శుభ్రంగా వెళ్ళండి. ప్లాను ఇలా వెయ్యండి:

1. చేరే టైము కాలమ్ తీసెయ్యండి. బయల్దేరే టైము, అడవిలో రాత్రి గేట్లు మూసే టైము, ఈ రెండే వుంచండి.

2. పద్నాలుగు కార్ల గుంపు వద్దు. మూడేసి కార్లు, పది పదిహేను నిమిషాల తేడాతో.

3. వెనకవాడు దారి తప్పుతాడన్న భయంతోనే తరుముతాడు. బైకుల వాళ్ళ పద్ధతి ఒకటుంది. ప్రతి మలుపు దగ్గరా రెండోవాడు ఆగి వెనకవాళ్ళకి దారి చూపిస్తాడు, ఆఖరివాడు వచ్చాక కదులుతాడు. అప్పుడు ఎవరినీ ఎవరూ అందుకోనక్కర్లేదు.

4. జనవరి నించి ఏప్రిల్ దాకా ఈ రోడ్లు వదిలెయ్యండి. కార్తీకమాసంలో శ్రీశైలం వైపు చూడొద్దు. వానలకి నల్లమల పచ్చబడ్డాక, వారం మధ్యలో రండి. పొద్దున కూలీల ఆటోలు వెళ్ళిపోయాకే కదలండి.

5. దూరం తగ్గించండి. మంగళగిరి నించి దుగ్గిరాల, తెనాలి, బాపట్ల మీదుగా సూర్యలంక సముద్రం ఎనభై కిలోమీటర్ల చుట్టుపక్కలే. కాలవ గట్లు, వరి చేలు, చివర సముద్రం. సగం రోజు పెట్టుకుని నెమ్మదిగా వెళ్ళండి.

6. కారు సత్తా ఏమిటో చూడాలనుంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ వుంది. మంగళగిరి నించి నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. కారుని లారీ ఎక్కించి తీసుకెళ్ళండి. అక్కడ మీరు ఎంత తొక్కినా, హెల్మెట్టు పెట్టుకుని తొక్కినంత కాలం, నేను చప్పట్లు కొడతాను.

ఈ ఆరూ రాసి మా వాడికి పంపించాను. "టైము లేకపోతే థ్రిల్లేముంటుంది గురూ?" అని జవాబొచ్చింది. నేను ఇంతసేపూ లెక్కలు కట్టి నిరూపించింది అతనే ఒక్క ముక్కలో ఒప్పేసుకున్నాడు. థ్రిల్లు కావాలనుకోవడం తప్పు కాదు. ఆ పందెంలో మిరప కూలీల్ని వాళ్ళని అడక్కుండా కలపడం తప్పు. ఆ కాలమ్ తీసేస్తే దారి చూపించడానికి నేనే ముందు కార్లో కూర్చుంటాను. తియ్యకపోతే మాత్రం దాన్ని సీనిక్ డ్రైవ్ అని పిలవకండి.