అదనపు పనికి పన్ను శిక్ష

బ్రిటన్‌ ప్రభుత్వాసుపత్రుల్లో సీనియర్‌ డాక్టరు అదనపు డ్యూటీ చేస్తే, వచ్చిన జీతం కంటే పన్ను నోటీసే బరువైన సందర్భాలున్నాయి. 2016లో తెచ్చిన నిబంధనే ఇందుకు మూలం. అధికాదాయ వర్గాలకు, రాబడి పెరిగేకొద్దీ, పింఛనుపై ఏటా దక్కే పన్ను మినహాయింపు పరిమితి 40 వేల పౌండ్ల నుంచి 10 వేలకు కుంచించుకుపోయేది. ఎప్పుడో రాబోయే పింఛను కాగితం మీద పెరిగిందని లెక్కగట్టి, పన్ను మాత్రం ఇప్పుడే కట్టమనడం! చాలామంది డ్యూటీలు తగ్గించుకున్నారు, కొందరు ముందే పదవీ విరమణ చేశారు. రోగుల క్యూలు పొడవుగా ఉన్న కాలంలో ఇది స్వయంకృతమే.

2020లో ఆదాయ హద్దులు పెంచారు. 2023 మార్చి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జెరెమీ హంట్‌ వార్షిక పరిమితిని 60 వేలకు పెంచి, పింఛను పొదుపు జీవితకాల పరిమితి దాటితే పడే పన్నును ఎత్తేశారు. డాక్టర్ల పేరు చెప్పి ధనికులందరికీ కానుక ఇచ్చారన్న లేబర్‌ పార్టీ విమర్శ సబబే. న్యాయమూర్తులకు ఈ పన్ను బెడద లేని ప్రత్యేక పింఛను పథకం ఉంది. డాక్టర్లకూ అలాంటిదే పెట్టాల్సింది. పైగా ఆదాయాన్నిబట్టి పరిమితి తగ్గించే పాత మెలిక పూర్తిగా పోలేదు, హద్దు 2.6 లక్షల పౌండ్లకు జరిగిందంతే.