తిండి పొట్లం మీద కూడా తెలుగు ఉండాలి



ప్యాకెట్ మీద రాసింది చదివి మరీ కొనుక్కోవాలని డాక్టర్లూ, టీవీలూ, పత్రికలూ అదే పనిగా చెబుతున్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన 17 ఆహార సూచనల్లో చివరిది కూడా ఇదే. మంచి మాటే. అయితే చేవెళ్లలో కిరాణా దుకాణం నడిపే ఆడమనిషిగా నాదొక ప్రశ్న. చదవాలంటే ముందు అది మాకు వచ్చిన భాషలో ఉండాలి కదా?

మా దుకాణానికి ఆలూరు, ముడిమ్యాల, ఊరెళ్ల నుంచి కూడా జనం వస్తారు. "అక్కా, మా అత్తకు షుగరొచ్చింది, చక్కెర లేని బిస్కెట్ ఏదున్నదో నువ్వే చూసియ్యి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు చాలామందే. అయినా పొట్లం నా చేతికే ఇస్తారు, ఎందుకంటే వెనకవైపు ఉన్నదంతా చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాలు.

నాకు తెలిసినంతలో చూసి చెబుతాను. మొన్న చూసిన గ్లూకోజ్ బిస్కెట్ల సంగతే తీసుకోండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. అందులో మొదటిది మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్. ఇంకాస్త కిందికి వెళితే ఇన్వర్ట్ సిరప్ అని ఉంది, అదీ చక్కెర పాకమే. పోషకాల పట్టికలో 100 గ్రాములకు చక్కెర 25 గ్రాములు. అంటే పొట్లంలో నాలుగో వంతు చక్కెరే. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి అదనపు చక్కెర 50 గ్రాములని లేబుళ్ల నిబంధనలే లెక్క కట్టాయి. చాయ్‌లో ముంచుకుని 100 గ్రాముల బిస్కెట్లు తింటే అందులో సగం అక్కడే అయిపోయింది, చాయ్‌లో వేసిన చక్కెర వేరే.

బీపీ ఉన్నవాళ్లు చూడాల్సింది సోడియం. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు దాటొద్దు. నూడుల్స్ పొట్లం మీద సోడియం 1000 అని ఉంటే సగం రోజు ఉప్పు ఆ ఒక్క గిన్నెలోనే ఉన్నట్టు. కొన్ని మిక్చర్ పొట్లాల మీద 'ఒక సర్వింగ్‌కు' అని చిన్న అంకె వేస్తారు. ఆ సర్వింగ్ 30 గ్రాములే, మనం తినేది పొట్లమంతా. అందుకే 100 గ్రాముల లెక్క చూడాలి. ఇక నూనె ప్యాకెట్ ముందు 'కొలెస్ట్రాల్ లేదు' అని పెద్దక్షరాలతో వేస్తారు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. ఆ మాట చూసి ఎక్కువ ధర పెట్టాల్సిన పని లేదు.

ఇదంతా పదో తరగతి పాసైన ఎవరికైనా పది నిమిషాల్లో అర్థమయ్యే లెక్క. అడ్డం వస్తున్నది చట్టమే. 2020 నాటి లేబుళ్ల నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. వేరే భాష కావాలంటే అదనంగా వేసుకోవచ్చు, వేసి తీరాలని లేదు. దానికి తోడు, 100 చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న పొట్లాల మీద పదార్థాల జాబితా, పోషకాల పట్టిక లేకున్నా ఫర్వాలేదట, పెద్ద డబ్బా మీద ఉంటే సరిపోతుందట. ఆ డబ్బా నా దుకాణంలో ఉంటుంది. రెండు రూపాయల చాక్లెట్ పట్టుకుని పిల్ల బడికి పోతుంది. తల్లి ఏం చూసి తెలుసుకోవాలి?

మా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో టమాటా, క్యారెట్, కొత్తిమీర, పూలు పండించే రైతులు పురుగుమందు డబ్బా కొంటే దాని మీద తెలుగు ఉంటుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు, మందు అమ్మే ప్రాంతపు భాషలో కూడా లేబుల్ ఉండాలని శాసించాయి. పైగా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదమని అక్షరం ముక్క రాని కూలికి కూడా తెలుసు. చేలో కొట్టే మందుకు యాభై ఏళ్ల కిందటే చేయగలిగిన పని, నోట్లో పెట్టుకునే తిండికి ఎందుకు చేయలేరు?

పొట్లం మీది మాట ఎంత పని చేస్తుందో హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి పోరాటమే చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న తీపి పానీయాలను పేరులో ఓఆర్‌ఎస్ చేర్చి అమ్మారు. విరేచనాలైన పిల్లలకు తల్లులు అవే తాగించారు. ఆమె ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదలతో ఇంత జరిగినప్పుడు, ప్రభుత్వం తలచుకుంటే ఎంత జరగాలి?

పొట్లం మీద జాగా లేదని కంపెనీలు అంటాయి. సినిమా తార బొమ్మకూ, బహుమతి కూపన్‌కూ దొరికే జాగా నాలుగు తెలుగు మాటలకు దొరకదా? చదువు రానివాళ్లకు తెలుగులో రాసినా ఏం లాభమని ఇంకొందరు అడుగుతారు. శాకాహారానికి పెట్టిన ఆకుపచ్చ గుర్తు చిన్నపిల్లలు కూడా పోల్చుకుంటారు. చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న వాటికీ అలాంటి గుర్తే పెట్టండి. చిలీ దేశం 2016 నుంచి అలాంటి పొట్లాల ముందువైపు నల్లటి ఎనిమిది పలకల ముద్ర వేయిస్తోంది. మన దగ్గర కూడా ముందువైపు హెచ్చరికల మీద 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, మూడు నెలల్లో సిఫారసులు ఇవ్వమని నిపుణుల కమిటీకి చెప్పింది. ఆ హెచ్చరిక కూడా ఇంగ్లిష్‌లోనే వస్తే మా ఊళ్లకు ఒరిగేదేమీ లేదు.

కాబట్టి మూడు పనులు జరగాలి. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి తిండి పొట్లం మీద పదార్థాలు, చక్కెర, ఉప్పు, కొవ్వు వివరాలు తెలుగులో తప్పనిసరి చేయాలి. ముందువైపు రంగు గుర్తు ఉండాలి. ఎంత చిన్న పొట్లమైనా ఆ మూడు అంకెలు వేయాలి. చేవెళ్ల ఎంపీ గారు దీన్ని పార్లమెంటులో అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సరుకు అమ్మేదాన్ని నేనే అయినా చెబుతున్నాను: ఏం తింటున్నామో తెలుసుకుని కొనడం కొనేవాళ్ల హక్కు. ఆ హక్కు ఇంగ్లిష్ వచ్చినవాళ్లకే పరిమితం కాకూడదు.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారు,
చేవెళ్ల, రంగారెడ్డి జిల్లా