బంగారం లేని బంగారు పూత

కాషాన్ కుమ్మరులు ఎనిమిది వందల ఏళ్ల కిందట చేసిన పళ్లేన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే పసిడి ఛాయ తళుక్కుమంటుంది. మరికాస్త వంచితే రాగి రంగు, ఇంకాస్త వంచితే గోధుమ రంగు... ఇరాన్‌లోని ఆ ఊరికి అంత పేరు తెచ్చిన ఈ మెరుపులో బంగారం రవ్వంతైనా లేదు. ఉన్నదల్లా కాస్త వెండి, కాస్త రాగి. మిగతా పనంతా పొగది!

ఈ విద్య మొదట గాజు పాత్రల మీద పుట్టింది. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు దాన్ని మట్టిపాత్రలకు తెచ్చారు. తర్వాత ఈజిప్టుకీ, అటుపైన కాషాన్‌కీ చేరింది. ఎక్కడికెళ్లినా గుట్టు మాత్రం కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. కాషాన్‌లో అబూ తాహిర్ వంశం నాలుగు తరాలపాటు ఇదే పని చేసింది.

ఆ ఇంటివాడైన అబుల్ ఖాసిం మాత్రం బట్టీ వదిలి మంగోలు ప్రభువుల కొలువులో చరిత్రకారుడయ్యాడు. 1301లో ఇంటి గుట్టును కాగితమ్మీద పెట్టింది ఆయనే. కుమ్మరిగానే ఉండిపోతే రాసేవాడా అన్నది అనుమానమే!

కిటుకంతా రెండోసారి కాల్చడంలో ఉంది. గాజుపూత పూసి ఒకసారి కాల్చిన పాత్ర మీద, గంధకంతో నూరిన వెండి, కాల్చిన రాగి వంటివాటిని ద్రాక్షరసంలోనో వెనిగర్‌లోనో కలిపి బొమ్మలు గీస్తారు. మళ్లీ బట్టీలో పెట్టి, సన్నటి పొగలో 72 గంటలు ఉంచాలంటాడు అబుల్ ఖాసిం. ఆ పొగ లోహాల్లోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. వెండి, రాగి కంటికి ఆనని రేణువులై గాజుపూతలో ఇమిడిపోతాయి. అవి నానోమీటర్లలో కొలవాల్సినంత చిన్నవని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాకే తెలిసింది. చల్లారాక బయటికి తీసిన పాత్ర చూడ్డానికి మురికిగా ఉంటుంది. తడిమట్టితో రుద్దితే... అప్పుడు బయటపడుతుంది మెరుపు. సెగ ఎక్కువైనా, పొగ చాలకపోయినా అంతవరకూ పడ్డ పాటు బూడిదపాలే.

అబుల్ ఖాసిం తండ్రి అలీ ఈ పనిలో ఘనుడు. టెహ్రాన్ దగ్గరి వరామీన్‌లో ఇమామ్‌జాదా యహ్యా సమాధి మందిరం కోసం 1265లో ఆయన ఓ మిహ్రాబ్ చేశాడు. మిహ్రాబ్ అంటే మక్కా దిక్కును చూపే గూడు. పన్నెండడుగులు దాటిన ఎత్తు, ఒళ్లంతా మెరిసే పలకలే. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ మందిరం గోడల్ని ఒలిచేశారు. నక్షత్రాల్లా ఉండే పలకలు లండన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియాలకు చేరాయి. మిహ్రాబ్‌ని 1940లో అమెరికా సంపన్నురాలు డోరిస్ డ్యూక్ కొన్నారు. హవాయి దీవుల్లోని హోనొలులులో ఆమె ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అలీ పేరున్న మిహ్రాబ్ అక్కడే ఉంది. వరామీన్ మందిరానికి జనం ఇంకా వస్తూనే ఉన్నారు. మొక్కుకునేది బోసి గోడల మధ్యే.