ఐపీ పెడితే ఇల్లు దక్కుతుందా?

చాలా క్రెడిట్ కార్డుల బాకీ మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ, అంటే ఏడాదికి 42 శాతం. ఇంతకంటే ఊళ్లో మూడు రూపాయల వడ్డీ నయం! ఆ ఊబిలో దిగిన ఉద్యోగి కోర్టులో ఐపీ పెడదామంటే మనకు దిక్కు ఇప్పటికీ 1920 నాటి దివాలా చట్టమే. అప్పు 500 రూపాయలున్నా చాలంటుందది. ఐపీలో జప్తుకు రాని ఆస్తే మిగులుతుంది; రైతు, కూలీ కాపురముండే ఇంటిని సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు నుంచి కాపాడుతుంది. ఫ్లాటు కొనుక్కున్న గుమాస్తాకు ఆ రక్షణ లేదు. 2016 దివాలా స్మృతి సొంతింటికి మినహాయింపు రాసింది. తాకట్టులో లేని ఒక్క ఇల్లు, అదీ పట్టణంలో 20 లక్షల లోపుదైతేనే. ఆ భాగం కూడా 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే అమలవుతోంది. కేంద్రం దాన్ని మామూలు జీతగాళ్లకూ వర్తింపజేయాలి. పరిమితినీ పెంచాలి, 20 లక్షలకు హైదరాబాద్‌లో ఇల్లెక్కడ?